పొట్టు నేల మీదికి, నుసి ఊపిరిలోకి

మూడేళ్ళ క్రితం జనవరిలో, హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లోని మా మేడ మీది రేకుల గదిలో పాత టేకు పలకతో చిన్న పీట చేస్తున్నాను. చెక్కను రుద్ది నునుపు చేసే సాండర్ యంత్రం అరగంట నడిచింది. అంతసేపూ మాస్కు పెట్టుకునే ఉన్నాను. యంత్రం ఆపగానే మాస్కు గడ్డం కిందికి లాగి, ఉక్కగా ఉందని సీలింగు ఫ్యాను వేసి, చీపురు తీసుకుని గదంతా శుభ్రంగా ఊడ్చాను. ఆ రాత్రి ముక్కు మూసుకుపోయింది. తెల్లవారుజామున పొడి దగ్గు. చలికాలం కదా అనుకున్నాను. తరువాతి ఆదివారం మళ్ళీ అదే దగ్గు. మూడో ఆదివారానికి గానీ తెలిసిరాలేదు, దగ్గు చలిని బట్టి కాక నా పనిని బట్టి వస్తోందని.

మాస్కు పెట్టుకున్నాను కదా, మరి తప్పు ఎక్కడ జరిగింది? దీనికి జవాబు వెతకడానికి నాకు చాలా నెలలు పట్టింది. వైద్యుల దగ్గర, వడ్రంగుల దగ్గర, పారిశ్రామిక ఆరోగ్యం గురించిన పుస్తకాల్లో దొరికిన ముక్కలన్నీ ఒకచోట పేర్చి చూస్తే తేలింది ఇది: యంత్రం నడిచిన అరగంటలో కన్నా, అది ఆగిన తరువాతి గంటలోనే నేను ఎక్కువ నుసి పీల్చి ఉంటాను. ఇంట్లో వడ్రంగం చేసుకునేవారిలో ఎక్కువమంది ఈ గంటను లెక్కలోకి తీసుకోరు.

మన భాషలో రెండు మాటలున్నాయి. రంపం కింద కుప్పగా పడేది పొట్టు. పురుగు తొలిచిన దూలం నుంచి పిండిలా రాలేది నుసి. కళ్ళకు కనబడేది, చేతికి తగిలేది, చీపురుకు అందేది పొట్టు. మనం భయపడేదీ దానికే. నిజానికి దానితో వచ్చే ప్రమాదం తక్కువ. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మామూలు వెలుతురులో మన కన్ను విడిగా పోల్చుకోగలిగిన రేణువు దాదాపు 50 మైక్రాన్లది. గొంతు దాటి ఛాతీలోకి దిగేవి 10 మైక్రాన్లలోపు రేణువులు. ఊపిరితిత్తుల అడుగు దాకా చేరేవి నాలుగు మైక్రాన్లలోపువి. అంటే అసలు హాని చేసే నుసి మన కంటికి ఆననే ఆనదు.

ఇది ఎంతసేపు గాలిలో ఉంటుంది? కదలిక లేని గాలిలో 100 మైక్రాన్ల రేణువు భుజం ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఆరేడు సెకన్లు చాలు. 10 మైక్రాన్లదానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. రెండున్నర మైక్రాన్లదానికి సుమారు రెండు గంటలు. ఒక మైక్రాను రేణువైతే పూట గడిచినా తేలుతూనే ఉంటుంది. ఇదంతా గాలి స్తంభించిన గదిలో మాట. సీలింగు ఫ్యాను తిరిగే గదిలో ఈ లెక్క పనిచేయదు. దిగబోయే రేణువును ఫ్యాను మళ్ళీ పైకి తిప్పుతుంది. నేను ఆ రోజు చేసిన పని అదే. మాస్కు తీసి, నుసిని కలియబెట్టి, చీపురుతో నేల మీదిదాన్ని కూడా పైకి లేపి, ఆ గాలిలో నిలబడ్డాను.

ఎంత నుసి ఉంటే ఎక్కువ అన్న ప్రశ్నకు కూడా జవాబుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ చెక్క నుసికి సూచించిన పరిమితి ఘనపు మీటరు గాలికి 1 మిల్లీగ్రాము. ఐరోపా సమాఖ్యలో గట్టి చెక్కల నుసికి 2023 నుంచి అమలులో ఉన్న పరిమితి 2 మిల్లీగ్రాములు. రెండూ పనిదినమంతటికీ కలిపి తీసే సగటులు. దీన్ని మన గదికి అన్వయించి చూడండి. పది అడుగులకు పన్నెండు అడుగుల గది, పది అడుగుల ఎత్తు అనుకుంటే లోపల ఉండే గాలి 34 ఘనపు మీటర్లు. గదంతా కలిపి 34 మిల్లీగ్రాముల నుసి తేలితే మొదటి పరిమితి చేరుకున్నట్టే. మెత్తటి చెక్క పిండి ఒక టీ చెంచాడు సుమారు ఒక గ్రాము తూగుతుంది. అందులో ముప్పయ్యో వంతు చాలు! సాండర్ సంచిలో పిడికెడు నుసి చేరినప్పుడు, సంచిలో చేరకుండా తప్పించుకున్నది ఎంతో ఊహించుకోవచ్చు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే పరీక్షించవచ్చు. రాత్రిపూట పని ముగించి, దీపాలన్నీ ఆర్పి, మాస్కు తీయకుండా, టార్చిని గదికి అడ్డంగా ఒకచోట పెట్టండి. టార్చి బల్బు కంటికి తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టి, వెలుగు వచ్చే దిక్కుకే చూడండి. తేటగా ఉందనుకున్న గాలి పాలపొగలా కనిపిస్తుంది. బ్రిటన్‌లో కర్మాగారాల తనిఖీకి వాడే పద్ధతి కూడా ఇదే. నేను మొదటిసారి చూసిన రాత్రి, సాండర్ ఆపి నలభై నిమిషాలు దాటింది. ఆ వెలుగులో తిరుగుతున్నదాన్ని చూశాక ఆ గదిలోకి మా పాపను రానివ్వడం మానేశాను.

లోపలికి వెళ్ళిన నుసి ఏం చేస్తుంది

ముక్కు వెంట్రుకలు, తడి పొర పెద్ద రేణువులను పట్టేస్తాయి. శ్వాసనాళాల గోడలకు శైలికలనే సూక్ష్మమైన వెంట్రుకలుంటాయి. వాటి మీద పలచటి శ్లేష్మపు పొర ఉంటుంది. అందులో చిక్కిన ధూళిని శైలికలు అలలా ఊగుతూ గొంతు వైపు నెట్టుకొస్తాయి. మనం దాన్ని దగ్గి ఉమ్మేస్తాం, లేదా తెలియకుండానే మింగేస్తాం. ఇంత చక్కటి ఏర్పాటు వాయుకోశాల దగ్గర ఆగిపోతుంది. ఆ బుడగలు కోట్ల సంఖ్యలో ఉంటాయి. అన్నింటినీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే నగరంలో ఒక చిన్న రెండు పడకగదుల ఫ్లాటంత. అక్కడ శైలికలు లేవు. పారిశుద్ధ్యమంతా మాక్రోఫేజులనే రక్షక కణాలదే. అవి ఒక్కొక్క రేణువునూ మింగి మోసుకుపోవాలి. ఆ పనికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా వచ్చే ఆదివారం వచ్చేస్తుంది.

పైగా కష్టపడి పనిచేసేటప్పుడు, ఊరికే కూర్చున్నప్పటికన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాం. ముక్కు దిబ్బడేస్తే నోటితో పీలుస్తాం. అప్పుడు మొదటి వడపోత కూడా పోయినట్టే.

ఇలా వచ్చే పెద్ద జబ్బుల్లో తరచుగా ఎదురయ్యేది ఉబ్బసం. దీని తీరు తెలిసి ఉండాలి. చెక్కలోని కొన్ని రసాయనాలను శరీరం నెలలో, ఏళ్ళో మౌనంగా భరిస్తుంది. ఒకనాటికి వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరువాత చిటికెడు నుసి కూడా ఆయాసం, పిల్లికూతలు తెప్పిస్తుంది. వెస్టర్న్ రెడ్ సీడర్ అనే అమెరికా చెక్కలోని ప్లికాటిక్ ఆమ్లం మీద ఈ విషయంలో బాగా పరిశోధన జరిగింది. ఆ చెక్క మన అడితుల్లో అరుదే. కానీ శరీరం ప్రవర్తించే పద్ధతి మాత్రం ఇతర చెక్కల దగ్గరా ఇంతే. అందుకే ‘పదేళ్ళుగా చేస్తున్నాను, నాకేం కాలేదు’ అన్న ధైర్యాన్ని నేను ఒప్పుకోను.

కేన్సరు సంగతి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పెంచి చెప్పేవారూ ఉన్నారు, కొట్టిపారేసేవారూ ఉన్నారు. ఇంగ్లండులో హై వికమ్ అనే ఊరు కుర్చీల తయారీకి పేరు. 1960లలో అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ఎస్తర్ హాడ్‌ఫీల్డ్ ముక్కులో వచ్చే ఒక అరుదైన కేన్సరు ఫర్నిచరు కార్మికులలో అసాధారణంగా కనబడుతోందని గమనించారు. 1968లో ఆమె, ఆమె సహచరులు కలిసి దీని మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. ఆ తరువాత ఎన్నో దేశాల ఆధారాలు పోగయ్యాయి. 1995లో కేన్సరు పరిశోధనల అంతర్జాతీయ సంస్థ చెక్క నుసిని మొదటి వర్గంలో చేర్చింది. మొదటి వర్గమంటే, మనుషుల్లో కేన్సరు తెస్తుందనడానికి ఆధారం గట్టిదని అర్థం. ముప్పు పెద్దదా చిన్నదా అన్నది ఆ వర్గం చెప్పదు. ఈ కేన్సరు చాలా అరుదైనది. అధ్యయనాల్లో ఉన్నవారు దశాబ్దాల తరబడి రోజంతా నుసిలో పనిచేసినవారు. ఆదివారం రెండు గంటలు పనిచేసే మనకు ఆ లెక్కను యథాతథంగా అంటగట్టకూడదు. నన్ను ఆశ్చర్యపరిచిన విషయం వేరే ఉంది. ఈ కేన్సరు ఊపిరితిత్తులకు కాక ముక్కుకు, దాని చుట్టూ ఉండే గాలిగదులకు వస్తుంది. ముక్కు పెద్ద రేణువులను ఆపి ఊపిరితిత్తులను కాపాడుతుంది. ఆ కాపలా భారం ముక్కు లోపలి పొర మీదే పడుతుంది. కాబట్టి లోతుగా దిగే నుసికే కాదు, ముక్కులో ఆగే దుమ్ముకూ అడ్డుకట్ట వేయాల్సిందే.

ఏ చెక్క, ఏ పలక

‘చెట్టు నుంచి వచ్చిందే కదా, సహజమైనదే కదా’ అంటారు కొందరు. టేకును చెద ఎందుకు తినదో వారిని ఒకసారి ఆలోచించమంటాను. పురుగును, బూజును దూరంగా ఉంచే క్వినోన్లనే రసాయనాలు ఆ చెక్కలో ఉన్నాయి. టేకును మనం మెచ్చుకునే గుణమే కొందరికి చర్మం మీద దద్దుర్లుగా, ముక్కులో మంటగా తేలుతుంది. రోజ్‌వుడ్ జాతి చెక్కలూ ఇలాంటివే. టేకులో సిలికా కూడా ఉంటుంది. రంపపు పళ్ళు త్వరగా మొద్దుబారేది అందుకే. మొద్దు పన్ను చెక్కను కోయకుండా నలుపుతుంది, నలిగిన చోట నుసి పెరుగుతుంది. పదునైన బ్లేడు కూడా ఊపిరికి రక్షణేనని నాకు తెలిసివచ్చింది ఇక్కడే.

పై పరిమితుల్లో చెప్పిన గట్టి చెక్క అన్న మాటకు చేతికి తగిలే గట్టిదనంతో సంబంధం లేదు. వెడల్పాటి ఆకులున్న చెట్ల చెక్కలన్నీ అందులోకి వస్తాయి. టేకు, మామిడి, వేప, తుమ్మ అన్నీ అవే. సూదిలాంటి ఆకులుండే పైన్, దేవదారు మెత్తటి చెక్కలు. పాత సామాన్ల దుకాణాల్లో చవకగా దొరికే పైన్ పాలెట్లతో, అంటే సరుకు రవాణాకు వాడిన చెక్క చట్రాలతో, పని మొదలుపెట్టేవారు వాటి మీది ముద్ర చూడాలి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుమందు పొగ పట్టించినది. రెండోదాన్ని ఇంటికి తేకండి.

ఎండీఎఫ్ గురించి నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. అది ముందే పీచుగా విడగొట్టిన చెక్కను జిగురుతో అదిమిన పలక. కోసినప్పుడు పొట్టు కన్నా నుసే ఎక్కువ వస్తుంది. అంచులు, గాళ్ళు చెక్కే రౌటర్ యంత్రం పెడితే గది నిండా పిండి మేఘమే. ఆ జిగురు సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్. ఫార్మాల్డిహైడ్ కూడా మొదటి వర్గపు కేన్సరు కారకమే, పైగా అది వాయువు. దుమ్ము మాస్కు దాన్ని ఆపలేదు. ప్లైవుడ్‌లో తేమను కొంత తట్టుకునే ఎంఆర్ రకానికి కూడా ఎక్కువగా ఇదే జిగురు. భారతీయ ప్రమాణం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌లో వాడే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు చాలా తక్కువ వాయువు వదులుతుంది. ఎండీఎఫ్ తప్పనిసరైతే కొన్న చోటే పెద్ద యంత్రం మీద కొలతకు కోయించుకుని తెచ్చుకోండి. పడకగది పక్కన గదిలో దాన్ని రౌటర్‌తో చెక్కకండి.

పాత తలుపులది మరో కథ. నగరంలో పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు తలుపులు, కిటికీ రెక్కలు మనలాంటివారికి నిధి. వాటి మీద మూడు నాలుగు పొరల ఎనామిల్ రంగు ఉంటుంది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులకు, మించకూడదన్న నిబంధన అమలైంది 2017 నవంబరు 1 నుంచే. అంతకు ముందువి ఏవైనా సీసం ఉన్నవనే అనుకోవాలి. ఆ రంగును సాండర్‌తో గీకితే వచ్చేది సీసపు ధూళి. పెద్దవాళ్ళకు మాస్కు ఉన్నా, నేల మీద పడిన ధూళి పిల్లల వేళ్ళకు, అక్కడి నుంచి నోటికి చేరుతుంది. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉండవచ్చు అని చెప్పదగిన సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పాత రంగును పొడిగా రుద్దకండి. రంగు వదిలించే ద్రావకం పూసి, లేదా తడుపుతూ, చేత్తో గీకి, రాలినదంతా సంచిలో మూటకట్టేయండి. నేను పీట చేసిన పలక మీద కూడా పాత ఆకుపచ్చ రంగు ఉండేది. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

పుట్టిన చోటే పట్టుకోవడం

గాలిలో కలిసిన నుసిని వెంటాడటం కన్నా, అది పుట్టకుండా చూడటం తేలిక. మా వీధి చివర దుకాణం నడిపే పెద్ద మేస్త్రి నా సాండర్ చూసి, ‘బాబూ, చిత్రిక సరిగ్గా పడితే దీనితో పనేముంది?’ అన్నారు. ఆయన టేకు పలకను చిత్రిక పట్టి, ఆ పైన పగిలిన గాజు పెంకు అంచుతో గీకి నునుపు తెస్తారు. ఆయన బల్ల కింద పడేవి చుట్టలు చుట్టుకున్న పలచటి పొరలు. అవి గాలిలో తేలవు. అదే పనికి గరుకు కాగితం వాడితే పొరకు బదులు పిండి వస్తుంది. గాజు పెంకుకు బదులు చేతులు తెగని ఉక్కు స్క్రేపర్ రేకు కొనుక్కోవచ్చు. చేతి రంపం పొట్టు ముతక, యంత్రపు రంపం పొట్టు మెత్తన. చిన్న పనికి చేతి రంపమే అందుకోవడం నాకు ఇప్పుడు అలవాటైంది. అన్ని పనులకూ ఇది కుదరదని నాకూ తెలుసు. కానీ సాండర్ వాడే సమయం మూడు వంతులు తగ్గింది.

యంత్రం వాడక తప్పనప్పుడు దాని నోటికే గొట్టం తగిలించాలి. ఇక్కడ రెండు రకాల పరికరాలు కలగాపులగమవుతుంటాయి. వాక్యూమ్ క్లీనర్ సన్నటి గొట్టంతో తక్కువ గాలిని బలంగా లాగుతుంది. సాండర్‌కు, రౌటర్‌కు అది సరిపోతుంది. నాలుగంగుళాల గొట్టమున్న డస్ట్ కలెక్టర్ ఎక్కువ గాలిని మెల్లగా లాగుతుంది. బల్ల రంపానికి, రందా యంత్రానికి అదే కావాలి. వాక్యూమ్‌ను బల్ల రంపానికి పెడితే పొట్టు కొంత వస్తుంది, నుసి రాదు.

ఏది కొన్నా చూడాల్సింది, లాగిన గాలి ఎటు నుంచి బయటికి వస్తోందన్నది. రాణీగంజ్ దుకాణాల్లో చవకగా దొరికే కలెక్టర్లకు గుడ్డ సంచి ఉంటుంది. ముతక నేత సంచి పొట్టును ఆపి, నుసిని గది నిండా చిమ్ముతుంది. నేల శుభ్రంగా కనిపిస్తుంది, గాలి మాత్రం ముందుకన్నా చెడుతుంది. ఇళ్ళు ఊడ్చే మామూలు వాక్యూమ్‌తోనూ ఇదే చిక్కు. అతి సన్నటి రేణువులను కూడా ఆపే హెపా ఫిల్టరు, లోపల కాగితపు సంచి ఉన్నవి కొనండి. ఐరోపా ముద్రలున్నవాటిలో చెక్కకు తగినది ఎం క్లాసు. అంత డబ్బు పెట్టలేకపోతే ఒక ఉపాయం ఉంది. యంత్రాన్ని గది బయట పెట్టి, గొట్టాన్ని మాత్రం కిటికీలోంచి లోపలికి తెచ్చుకోండి. మేడ మీద పనిచేసేవారికి ఇది సులువు. పక్కింటివారు వడియాలు ఎండబెట్టే రోజుల్లో మాత్రం యంత్రం మూతి వారి వైపు లేకుండా చూసుకోవాలి. ఫిల్టరు త్వరగా పూడిపోకుండా మధ్యలో, గాలిని సుడి తిప్పి బరువైనదాన్ని కింద రాల్చే సైక్లోన్ మూత ఉన్న బకెట్టు పెట్టుకోవచ్చు. అది పొట్టును ఆపుతుంది, నుసిని ఆపదు. కాబట్టి ఫిల్టరుకు బదులుగా దాన్ని అనుకోకూడదు. సాండర్ కింద అంటించే కాగితం రంధ్రాలు సాండర్ రంధ్రాలతో కలవాలి. వక్రంగా అంటిస్తే గొట్టం పెట్టినా పెట్టనట్టే.

ఇక గాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు రేకుల గదిలో ఫ్యాను లేకుండా పనిచేయమని ఎవరికీ చెప్పలేను. ఆ రోజుల్లో సాండింగు పని పొద్దున ఆరింటికి పెట్టుకుంటాను. ఏసీ గదిలో పనిచేయడం అన్నింటికన్నా చెడ్డది. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, ఉన్న గాలినే తిప్పుతుంది. దాని జాలీ నుసిని ఆపదు. ఎయిర్ కూలరు నయం. బయటి గాలిని లోపలికి తోసి, ఎదుటి కిటికీలోంచి గదిలోని గాలిని వెళ్ళగొడుతుంది. అయితే దాన్ని బల్ల మీదికి సూటిగా తిప్పకూడదు.

ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టేవారు దిక్కు చూసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి పడమటి నుంచి వస్తుంది. అప్పుడు పడమటి గోడకు పెట్టిన ఫ్యాను గాలికి ఎదురీదుతుంది. తూర్పు గోడ మేలు. నిలబడే తీరు కూడా ముఖ్యమే. వచ్చే గాలికి వీపు పెట్టి పనిచేస్తే మన ఒంటి ముందు చిన్న సుడి ఏర్పడి నుసి ముఖం దగ్గరే తిరుగుతుంది. గాలి పక్క నుంచి వచ్చేలా నిలబడాలి.

గదికి ఎయిర్ ప్యూరిఫయర్ పనికొస్తుందా? పనికొస్తుంది. గంటకు 300 ఘనపు మీటర్ల శుద్ధమైన గాలి ఇచ్చేది మన 34 ఘనపు మీటర్ల గదిని గంటకు దాదాపు తొమ్మిదిసార్లు వడగడుతుంది. లెక్క ప్రకారం పావుగంటకు నుసి పదో వంతుకు, అరగంటకు నూరో వంతుకు తగ్గాలి. గది మూలల్లో గాలి సరిగా కలవదు కాబట్టి ఆ సమయాన్ని రెట్టింపు చేసుకోండి. నా గది గోడకు గడియారం తగిలించింది ఇందుకే. చివరి యంత్రం ఆపిన నిమిషం చూసుకుని, గంట దాకా మాస్కు తీయను, లేదా గదిలో ఉండను.

మాస్కు ఆఖరి మెట్టని పుస్తకాలన్నీ అంటాయి. మిగతావన్నీ చేశాక మిగిలినదానికే మాస్కు అని వాటి భావం. అది నిజమే అయినా, చేతిలో ఒక్క వెయ్యి రూపాయలే ఉంటే మాస్కులకే పెట్టమంటాను. గొట్టాలు, ఫ్యాన్లు వచ్చే నెల కొనుక్కోవచ్చు. ఐఎస్ 9473 ముద్రతో ఎఫ్‌ఎఫ్‌పీ2 అని ఉన్నవి, లేదా ఎన్95 కొనండి. ఎఫ్‌ఎఫ్‌పీ2 కనీసం 94 శాతం, ఎన్95 కనీసం 95 శాతం సూక్ష్మ రేణువులను ఆపాలి. ఈ అంకెలు గుడ్డ గురించి. గుడ్డకూ చెంపకూ మధ్య సందు ఉంటే అంకెకు అర్థం లేదు. చెవులకు తగిలించే తాళ్ళ కన్నా తల చుట్టూ వచ్చే రెండు పట్టీలు బాగా బిగిస్తాయి. ముక్కు మీది రేకును రెండు చేతుల వేళ్ళతో నొక్కి, అరచేతులు కప్పి గట్టిగా ఊదండి. కళ్ళ వైపు గాలి తగిలితే సరిగా కూర్చోలేదు. కళ్ళద్దాలు మసకబారినా అంతే. గడ్డం ఉన్నవారికి ఏ బిగుతు మాస్కూ సరిగా పట్టదు. తరచూ పనిచేసేవారు, మార్చుకునే ఫిల్టర్లున్న రబ్బరు హాఫ్ మాస్కు కొనుక్కుంటే చెమట రోజుల్లోనూ బిగువు సడలదు. జేబురుమాలు, సర్జికల్ మాస్కు ఈ పనికి సరిపోవు. పాలిష్, థిన్నర్ వాసనలకు ఎన్95 కూడా చాలదు. వాటికి బొగ్గు గుళికలుండే వేరే ఫిల్టరు కావాలి. పీయూ (పాలీయురెథేన్) పాలిష్ పిచికారీ చేసే పని ఇంట్లో పెట్టుకోవద్దు.

ఊడ్చే పద్ధతిని మార్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు. మొదట బ్లోయరును గదిలోంచి తీసేయండి. బల్ల మీది దుమ్మును, ఒంటి మీది దుమ్మును దానితో ఊదేసుకోవడం మన దగ్గర చాలామందికి అలవాటు. గంట కింద నేలకు దిగిన నుసిని ఒక్క క్షణంలో మళ్ళీ ముక్కు ఎత్తుకు లేపే పని అది. వాకిట్లో దుమ్ము లేవకుండా మా అమ్మమ్మ నీళ్ళు చిలకరించి ఊడ్చేది. నేనూ నేల మీద అలాగే చిలకరిస్తాను, పనిముట్లకు తడి తగలకుండా. బల్లను, అరలను తడిగుడ్డతో తుడుస్తాను. పని బట్టలు గది దగ్గరే విప్పి, తల కడుక్కుని గానీ కిందికి దిగను.

ఇంట్లో ఇంటీరియర్ పని చేయించుకునేవారికి ఒక మాట. తలుపులు మూసిన ఫ్లాటులో కట్టర్‌తో ఎండీఎఫ్, ప్లైవుడ్ కోసే కుర్రాళ్ళు జేబురుమాలు కట్టుకుని రోజుకు పది గంటలు అందులోనే ఉంటారు. నేను చెప్పిన పరిమితులన్నీ అసలు పుట్టింది అలాంటివారి కోసం. ఒక డబ్బాడు మాస్కులు కొని ఇవ్వండి, కిటికీలు తెరిపించండి, కోతపని బాల్కనీలోనో మేడ మీదో పెట్టించండి. లక్షల ఖర్చులో ఇది లెక్కలోకి రాదు.

దగ్గు రెండు మూడు వారాలకు మించి ఉంటే, పని రోజుల్లో పెరిగి సెలవుల్లో తగ్గుతుంటే, ముక్కులో ఒకే వైపు తరచూ రక్తం వస్తుంటే లేదా దిబ్బడ వదలకపోతే వైద్యులకు చూపించుకోండి. ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్షకు కొద్ది నిమిషాలే పడుతుంది. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటి చోట్ల ఈ జబ్బులు చూసే నిపుణులుంటారు. వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ఏ చెక్కలు, ఏ పలకలు కోస్తారో, ఏ జిగురు, ఏ పాలిష్ వాడతారో, వారానికి ఎన్ని గంటలో రాసి తీసుకెళ్ళండి. నన్ను చూసిన వైద్యుడు మొదట పొగ తాగుతారా అని అడిగారు, తరువాత ఇంట్లో పిల్లి ఉందా అన్నారు. వడ్రంగం సంగతి నేను చెబితేనే ఆయనకు తెలిసింది.